డ్రంకెన్ డ్రైవ్ కేసు తర్వాత కారు బీమా: నిజంగా ఏది పెరుగుతుంది, ఏది తగ్గించుకోవచ్చు

మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే జవాబు మొత్తం వాటి మీదే ఆధారపడి ఉంది. మీ నివాసం గుంటూరు, ఉద్యోగం విజయవాడ. ఒక రాత్రి ఇంటికి తిరిగి వస్తూ కనకదుర్గ వారధి దగ్గర పోలీసుల తనిఖీలో బ్రీత్ అనలైజర్ పరీక్షలో పట్టుబడ్డారు. కోర్టులో 10,000 రూపాయల జరిమానా కట్టారు, రవాణా శాఖ మీ లైసెన్సును 3 నెలలు సస్పెండ్ చేసింది. పోయిన వారం మీ శ్రీమతి కారు బయటికి తీస్తుండగా ముందు బంపరు గేటు స్తంభానికి తగిలి పగిలింది, దానికి ఇంకా క్లెయిమ్ వేయలేదు. కారు 1,197 సీసీ పెట్రోలుది, ఆరో ఏడు నడుస్తోంది, క్లెయిమ్ తీసుకోని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 50 శాతానికి చేరింది, పాలసీ వచ్చే నెలాఖరుకు ముగుస్తుంది. కేసు పడింది కాబట్టి ఈసారి ప్రీమియం రెట్టింపు అవుతుందని, అంతకంటే థర్డ్ పార్టీ ఒక్కటే కట్టుకోవడం మేలని మీ ఏజెంటు చెప్పారు. ఈ భారం తగ్గించుకునే మార్గం ఏమిటని మీరు అడిగారు. విజయవాడ, గుంటూరు ఆటోనగర్‌లలో దెబ్బతిన్న కార్లను పరిశీలించి నష్టం లెక్కగట్టే సర్వేయర్ వృత్తిలో చాలా కాలం ఉన్నవాడిగా ఈ విషయాన్ని వివరంగా రాస్తున్నాను.

ఏజెంటు చెప్పిన "రెట్టింపు" అనే మాటను ముందు తేల్చుకోవాలి. కారు బీమా ప్రీమియంలో రెండు ప్రధాన భాగాలుంటాయి. మొదటిది ఇతరులకు కలిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం. దీన్ని ఏ కంపెనీ సొంతంగా నిర్ణయించదు, కేంద్ర రవాణా శాఖ నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం 1,000 సీసీ వరకు ఉన్న ప్రైవేటు కారుకు 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు 3,416 రూపాయలు, అంతకు మించితే 7,897 రూపాయలు. మీ కారు మధ్య తరగతిలోకి వస్తుంది. మీ మీద ఒక కేసు ఉన్నా, పది కేసులు ఉన్నా, అసలు ఒక్క చలానా కూడా లేకపోయినా ఈ అంకె మారదు. అందువల్ల దీన్ని తగ్గించుకుందామని నాలుగు కంపెనీల చుట్టూ తిరగడం కూడా వృథా.

రెండోది ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మీ సొంత కారుకు జరిగే నష్టానికి కట్టేది. కంపెనీల మధ్య తేడా ఉండేది ఇక్కడే. కారు మోడల్, వయసు, ఐడీవీ అని పిలిచే బీమా విలువ, రిజిస్ట్రేషన్ జరిగిన ప్రాంతం, గతంలో తీసుకున్న క్లెయిములు దీన్ని నిర్ణయిస్తాయి. ప్రాంతం విషయంలో మనకు చిన్న సౌలభ్యం ఉంది: పాత టారిఫ్ (అందరికీ ఒకేలా నిర్ణయించిన రేట్ల పట్టిక) వర్గీకరణలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి 8 మహానగరాలు ఎ జోన్‌లో ఉంటే, విజయవాడ, గుంటూరు సహా మిగిలిన దేశమంతా బి జోన్‌లో ఉంది, రేటు కొద్దిగా తక్కువ. ఈ కారణాల్లో యజమాని మీద ఉన్న ట్రాఫిక్ కేసుకు తప్పనిసరి స్థానమేమీ లేదు. ట్రాఫిక్ ఉల్లంఘనలను ప్రీమియానికి ముడిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఉంది. 2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన కార్యవర్గం ఒక ముసాయిదా ఇచ్చింది. అందులో మద్యం సేవించి నడిపినందుకు 100 పాయింట్లు, తప్పు పార్కింగుకు 10 పాయింట్లు చొప్పున లెక్కించి, నాలుగు చక్రాల వాహనాలకు 300 నుంచి 1,500 రూపాయల దాకా అదనపు ప్రీమియం వేయాలని, ముందుగా ఢిల్లీలో ప్రయోగాత్మకంగా అమలు చేయాలని సూచించారు. అది దేశమంతటా నిబంధనగా మారలేదు. ఒకవేళ మారినా, ఆ ముసాయిదా అంకెల ప్రకారమే చూసినా గరిష్ఠ భారం 1,500 రూపాయలే తప్ప రెట్టింపు కాదు.

ఇలాంటి కేసు పడితే బీమా రెండు మూడు రెట్లు అవుతుందన్న ప్రచారం చాలావరకు అమెరికా వీడియోల నుంచి వస్తోందని నా అనుమానం. మన జిల్లాల్లో ప్రతి వీధిలోనూ ఒకరిద్దరి పిల్లలు అక్కడ ఉండటంతో ఆ సంగతులు ఇక్కడి సంగతులుగా చలామణీ అవుతున్నాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో డ్రైవరు రికార్డును చూసి ప్రీమియం వేస్తారు, మద్యం కేసు పడినవారి తరఫున బీమా కంపెనీ ఎస్ఆర్-22 అనే ధ్రువపత్రాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి సమర్పించాల్సి రావచ్చు, సాధారణంగా అది మూడేళ్లపాటు కొనసాగాలి. అక్కడున్న మీ బంధువులకు అది అవసరమైన సమాచారమే కానీ, ఇక్కడి మీ పాలసీకి దానితో సంబంధం లేదు.

కాబట్టి ఏజెంటును మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: థర్డ్ పార్టీ ఎంత, ఓన్ డ్యామేజ్ ఎంత, బోనస్ శాతం ఎంత వేశారు, అదనపు కవర్లు ఏవి, 18 శాతం జీఎస్టీ ఎంత అని విడివిడిగా రాసిన కొటేషన్ ఇవ్వమనండి. ఓన్ డ్యామేజ్ రేటు కంపెనీ ఇష్టం కాబట్టి పెంచే స్వేచ్ఛ వారికి ఉంది, కానీ ఆ పెంపు కాగితం మీద ఏ వరుసలో ఉందో కనబడాలి. కేసు పేరు చెప్పి బోనస్‌ను నిశ్శబ్దంగా సున్నా చేసిన కొటేషన్లు నా కంటపడ్డాయి. కేసు పడినందువల్ల బోనస్ పోదు, క్లెయిమ్ తీసుకుంటేనే పోతుంది.

అసలు డబ్బు పోయేది ఈ బోనస్ దగ్గరే. క్లెయిమ్ లేని ఒక ఏడాది తర్వాత 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం చొప్పున ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు వస్తుంది. థర్డ్ పార్టీ భాగానికి ఇది వర్తించదు. లెక్క సులభంగా ఉండటానికి మీ కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్‌కు ముందు 8,000 రూపాయలనుకుందాం. 50 శాతం బోనస్‌తో అది 4,000 అవుతుంది. దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపితే 7,416, జీఎస్టీతో సుమారు 8,751 రూపాయలు. బోనస్ పూర్తిగా పోతే 11,416 మీద జీఎస్టీ పడి సుమారు 13,471 రూపాయలు అవుతుంది. ఏజెంట్లు కేసుకు ఆపాదించే పెరుగుదల చాలాసార్లు ఈ తేడాయే.

పైగా ఈ నష్టం ఒక్క ఏడాదితో ఆగదు. ఒకసారి క్లెయిమ్ తీసుకుంటే తర్వాతి రెన్యువల్‌లో సున్నా నుంచి మొదలై, మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరాలి. మీరు 50 శాతంలోనే ఉండి ఉంటే వచ్చేదానికి, ఇప్పుడు వచ్చేదానికి తేడా వరుసగా 50, 30, 25, 15, 5 శాతం. కలిపితే 125 శాతం. అంటే 50 శాతం బోనస్ ఉన్నవారికి ఒక క్లెయిమ్ ఖరీదు, ఒక ఏడాది పూర్తి ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి ఒకటింపావు వంతు. పై ఉదాహరణలో అది 10,000 రూపాయలు, జీఎస్టీతో 11,800. ఏటా కారు విలువ తగ్గుతుంది కాబట్టి వాస్తవంగా కొంత తక్కువే అవుతుంది గానీ, నిర్ణయం తీసుకోవడానికి ఈ అంచనా సరిపోతుంది.

ఇప్పుడు మీ బంపరు సంగతి చూద్దాం. కొత్త బంపరు 6,000, పెయింటింగ్ 4,000, టింకరింగ్ కూలీ, బిగింపు కలిపి 2,000, మొత్తం 12,000 రూపాయల బిల్లు అనుకోండి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు వయసుతో నిమిత్తం లేకుండా సగం తరుగు తీస్తారు, కాబట్టి బంపరుకు 3,000 మాత్రమే వస్తుంది. పెయింటింగ్ బిల్లులో రంగు సామగ్రిని నాలుగో వంతుగా పరిగణించి అందులో సగం కోస్తారు, అంటే 500 పోయి 3,500 మిగులుతుంది. కూలీ 2,000 పూర్తిగా ఇస్తారు. మొత్తం 8,500 నుంచి, 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు తప్పనిసరిగా మినహాయించే 1,000 రూపాయలు తీసేస్తే మీ చేతికి వచ్చేది 7,500. దాని కోసం రాబోయే అయిదేళ్లలో అంతకంటే ఎక్కువ బోనస్ వదులుకుంటారు. తరుగు తీయకుండా చెల్లించే, బంపర్ టు బంపర్ అని పిలిచే జీరో డిప్రిసియేషన్ కవరు ఉన్నా 11,000 వస్తుంది, అప్పటికీ లాభం లేదు. పైగా కంపెనీ షోరూములో 12,000 అయ్యే ఈ పనిని ఆటోనగర్‌లో నమ్మకమైన షెడ్డులో కొంత తక్కువకు చేయించుకోవచ్చు. నా సలహా ఏమిటంటే ఈ బంపరుకు క్లెయిమ్ వేయకండి, సొంత డబ్బుతో బాగు చేయించుకోండి. అవతలివారికి గాయమో, ఆస్తి నష్టమో జరిగిన ఘటన అయితే ఈ లెక్క వర్తించదు. అప్పుడు పోలీసులకూ, కంపెనీకీ వెంటనే తెలియజేయడం తప్పనిసరి.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. క్లెయిమ్ వేసి తర్వాత వద్దనుకుంటే ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, క్లెయిమ్ ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చి, చెల్లింపు లేకుండా ముగించినట్టు ధ్రువీకరణ తీసుకోండి. పెండింగ్‌లో ఉన్న క్లెయిమ్ కూడా రెన్యువల్ వేళ బోనస్‌కు అడ్డుపడుతుంది.

మీరు ప్రశ్నలో పైపైన ప్రస్తావించి వదిలేసిన లైసెన్సు సస్పెన్షన్, నా దృష్టిలో ప్రీమియం కంటే చాలా పెద్ద విషయం. ప్రైవేటు కారు పాలసీలో డ్రైవరు నిబంధన అని ఒకటుంటుంది. ప్రమాద సమయంలో నడుపుతున్న వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, ఆ వ్యక్తి లైసెన్సు పొందడానికి అనర్హుడై ఉండకూడదు అన్నది దాని సారాంశం. సస్పెన్షన్ కాలంలో "ఇంటి దగ్గరే కదా" అని మీరు బ్రాడీపేట నాలుగో లైను దాకా కారు తీసినా ఈ నిబంధన ఉల్లంఘించినట్టే. ఆ సమయంలో ప్రమాదం జరిగితే కారు మరమ్మతు ఖర్చు రాదు. మనిషికి ఏమైనా అయితే సంగతి మరీ తీవ్రం. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాల ఆధారంగా ట్రిబ్యునళ్లు బాధితుడికి ముందు కంపెనీ చెల్లించి, ఆ తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశిస్తుంటాయి. మరణం కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది, ఆ మొత్తానికి కంపెనీ మీ ఇంటి మీదికే వస్తుంది. దీనికి తోడు అనర్హత కాలంలో నడపడం మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద ప్రత్యేక నేరం. 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మద్యం విషయంలోనూ ఇదే వరస. నడిపేవారు మద్యం ప్రభావంలో ఉండగా జరిగిన నష్టానికి చెల్లించబోమని పాలసీలోనే ఉంటుంది. 2007లో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ప్రమాదానికి గురైన ఒక పోర్షే కారు విషయంలో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బీమా కంపెనీ వాదననే సమర్థించింది. రక్తపరీక్ష నివేదిక లేకపోయినా ఇతర సాక్ష్యాలతో మద్యం ప్రభావాన్ని నిరూపించవచ్చని ఆ తీర్పులో ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో మారి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీమా అధ్యాయంలో, థర్డ్ పార్టీ పరిహారాన్ని కంపెనీ ప్రతిఘటించడానికి అనుమతించిన కారణాల జాబితాలో 185వ సెక్షన్ ప్రకారం మద్యం సేవించి నడపడం కూడా చేరింది. ఆ సెక్షన్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. రెండోసారి పట్టుబడితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. బీమా ఎంత చక్కగా ఎంచుకున్నా ఈ ఒక్క పరిస్థితిలో అది మీ వెంట నిలవదు.

లైసెన్సు తిరిగి పొందే పనిని గడువు ముగిశాక మొదలుపెట్టడం కంటే ముందే తెలుసుకోవడం మంచిది. చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పోలీసులు పంపిన లైసెన్సు మీద రవాణా అధికారి మీ వాదన విని, మొదటి తప్పుకు 3 నెలల అనర్హత విధించవచ్చు, రెండోసారికి లైసెన్సు రద్దే. గడువు తర్వాత లైసెన్సు తిరిగి ఇవ్వడానికి డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలన్న షరతు కూడా అదే సెక్షన్‌లో ఉంది. కోర్టు జరిమానా రసీదు, సస్పెన్షన్ ఉత్తర్వు, శిక్షణ ధ్రువపత్రం ఒకే ఫైలులో పెట్టుకోండి. తర్వాతెప్పుడైనా క్లెయిమ్ వచ్చినప్పుడు, ఆ తేదీ నాటికి మీ లైసెన్సు చెల్లుబాటులో ఉందా అని నాలాంటి సర్వేయర్ అడిగే మొదటి కాగితాలు అవే.

ఈ 3 నెలలు కారును మీ శ్రీమతి నడపవచ్చు, లేదా విజయవాడకు వెళ్లిరావడానికి యాక్టింగ్ డ్రైవరును పెట్టుకోవచ్చు. డ్రైవరును పెట్టుకుంటే అతని లైసెన్సును పరివాహన్ వెబ్‌సైటులో నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి తనిఖీ చేసి, ఆ పేజీని ఫోన్‌లో దాచుకోండి. జీతం ఇచ్చే డ్రైవరు పట్ల యజమానికి ఉండే చట్టపరమైన బాధ్యతకు పాలసీలో విడిగా ఒక చిన్న కవరు ఉంటుంది. పాత టారిఫ్ ప్రకారం అది మనిషికి 50 రూపాయలు. ప్రీమియం తగ్గించే హడావుడిలో దాన్ని కోసేయకండి.

ఇప్పుడు థర్డ్ పార్టీ ఒక్కటే కట్టమన్న సలహా. కారు పన్నెండేళ్లు దాటి, దాని విలువ లక్ష రూపాయల లోపుకు దిగిపోతే నేనూ అదే చెబుతాను. ఆరేళ్ల కారుకు మాత్రం చెప్పను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఈ తేడా అందరికీ అర్థమైంది. వీల్ క్యాప్ దాకా మునిగిన కారుకూ, పైకప్పు దాకా మునిగిన కారుకూ ఓన్ డ్యామేజ్ కవరు ఉన్నవారికి ఏదో ఒక మొత్తం వచ్చింది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి ఒక్క రూపాయి కూడా రాలేదు, రావడానికి పాలసీలో ఆస్కారమూ లేదు. మీ ఉదాహరణలో బోనస్ తగ్గింపు తీసేశాక ఓన్ డ్యామేజ్ భాగం 4,000 రూపాయలు. అది మిగుల్చుకోవడానికి కారు మొత్తం విలువను పణంగా పెట్టడం నాకు సబబుగా తోచదు. పైగా ఓన్ డ్యామేజ్ కవరును వదిలేసి 90 రోజులు దాటితే అయిదేళ్లుగా కూడబెట్టిన 50 శాతం బోనస్ కూడా పోతుంది. తర్వాత మళ్లీ కావాలంటే కారును తనిఖీ చేయించి, సున్నా నుంచి మొదలుపెట్టాలి.

తగ్గించుకోదగిన చోట్లు వేరే ఉన్నాయి. మొదటిది, వేర్వేరు కంపెనీల ధరలు పోల్చడం. పోల్చేటప్పుడు ఐడీవీ, బోనస్ శాతం, అదనపు కవర్లు అన్నింటిలో ఒకేలా ఉండాలి. చౌకగా కనబడే కొటేషన్‌లో చాలాసార్లు ఐడీవీని తగ్గించి ఉంటారు. 4 లక్షల కారును 3 లక్షలకు బీమా చేస్తే ప్రీమియం తగ్గినట్టే ఉంటుంది గానీ, దొంగతనం జరిగినా, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటి పూర్తి నష్టంగా తేల్చినా మీకు వచ్చేది 3 లక్షల లెక్కే. అయిదేళ్లు దాటిన కారుకు ఐడీవీ కంపెనీకీ మీకూ మధ్య అంగీకారం మీద నిర్ణయమవుతుంది కాబట్టి, మార్కెట్‌లో అదే ఏడాది, అదే మోడల్ కారు ఎంతకు పోతోందో విచారించి ఆ దరిదాపుల్లో పెట్టించండి. అలాగే 2019 సెప్టెంబరు నుంచి ఓన్ డ్యామేజ్ పాలసీని ఒక కంపెనీలో, థర్డ్ పార్టీని మరో కంపెనీలో తీసుకునే వీలుంది. కంపెనీ మారినా బోనస్ మీతోనే వస్తుంది.

రెండోది స్వచ్ఛంద మినహాయింపు. ఏ క్లెయిమ్‌లోనైనా మొదటి కొంత మొత్తం నేనే భరిస్తానని ఒప్పుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గిస్తారు. పాత టారిఫ్ పట్టికలో 2,500 రూపాయలు భరిస్తే 20 శాతం, గరిష్ఠంగా 750 రూపాయలు, 5,000 భరిస్తే 25 శాతం, గరిష్ఠంగా 1,500, 15,000 భరిస్తే 35 శాతం, గరిష్ఠంగా 2,500 తగ్గింపు ఉండేది. ఇప్పుడు కంపెనీలు తమ తమ అంకెలు వేస్తున్నా ధోరణి అదే. బోనస్‌ను కాపాడుకోవడానికి చిన్న క్లెయిములు ఎలాగూ వేయనని నిర్ణయించుకున్నవారికి ఇది సహజంగా కుదిరే ఏర్పాటు. వేయని క్లెయిమ్ కోసం ప్రీమియం ఎందుకు కట్టాలి? మీకైతే 5,000 దగ్గర ఆగమంటాను. 15,000 దాకా వెళితే మధ్యరకం దెబ్బలకు కూడా పాలసీ పనికిరాకుండా పోతుంది.

మూడోది, నడిపిన దూరాన్ని బట్టి కట్టే పాలసీ. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ ఓన్ డ్యామేజ్ కవరుకు అనుబంధంగా "పే యాజ్ యూ డ్రైవ్", "పే హౌ యూ డ్రైవ్" అనే రకాలను, ఒకే యజమానికి ఉన్న పలు వాహనాలకు కలిపి ఇచ్చే ఫ్లోటర్ పాలసీని అనుమతించింది. మొదటి దానిలో ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే ఎంచుకుని తక్కువ కడతారు. లైసెన్సు లేని కాలంలో మీ కారు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి బాగుంటుందని అనిపిస్తుంది. కానీ పాలసీ ఏడాది మొత్తానిది. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రానూపోనూ సుమారు 70 కిలోమీటర్లు వేసుకుంటే, మిగిలిన నెలల్లోనే అది చిన్న శ్లాబులను దాటేస్తుంది. మీరు ఇకముందు బస్సులోనో, రైలులోనో ఉద్యోగానికి వెళ్లదలిస్తేనే దీన్ని ఎంచుకోండి. కాజా టోల్ రుసుము, పెట్రోలు ఖర్చు కలిపి చూస్తే అది బీమాతో సంబంధం లేకుండా కూడా ఆలోచించదగిన విషయమే.

అదనపు కవర్లలో కారు పూర్తిగా పోతే కొన్న ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ కవరు ఆరేళ్ల కారుకు సాధారణంగా దొరకదు, దొరికినా అక్కర్లేదు. తాళం పోతే ఇచ్చే కవరు, లోపలి వస్తువుల కవరు మానేయవచ్చు. ఇంజిన్ రక్షణ కవరును మాత్రం వర్షాకాలంలో నీరు నిలిచే ప్రాంతాల్లో తిరిగేవారు ఉంచుకోవాలి, ఎందుకంటే మునిగిన కారును స్టార్ట్ చేసినందువల్ల ఇంజిన్‌కు కలిగిన నష్టాన్ని సాధారణ పాలసీ కింద కంపెనీలు ఒప్పుకోవు. క్లెయిమ్ తీసుకున్నా బోనస్ పోకుండా చూసే బోనస్ రక్షణ కవరు మీలాంటి 50 శాతం వారికి ఆలోచించదగినది, ధర ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో పదో వంతు లోపు ఉంటేనే తీసుకోండి. వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరానికి 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గిస్తారు. కారుకు అది ఇప్పటికే ఉంటే అడగండి, కేవలం తగ్గింపు కోసం కొత్తగా కొనవద్దు. యజమాని వ్యక్తిగత ప్రమాద కవరు 15 లక్షల రూపాయలకు తప్పనిసరి గానీ, అంత మొత్తానికి మీకు ఇప్పటికే వేరే ప్రమాద బీమా ఉంటే ఆ వివరాలు ఇచ్చి దీన్ని మినహాయింపజేసుకోవచ్చు.

కారును శ్రీమతి పేరు మీదికి మార్చేస్తే కేసు ప్రభావం ఉండదు కదా అని మీరు చివర్లో అడిగారు. అలా చేయకండి. బోనస్ కారుకు కాకుండా పాలసీదారుకు చెందుతుంది. బతికుండగా యాజమాన్యం మారిస్తే మీ 50 శాతం ఆమెకు వెళ్లదు, ఆమె సున్నా నుంచి మొదలుపెట్టాలి. యజమాని మరణించినప్పుడు భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో కారు సంక్రమిస్తే మాత్రమే బోనస్ కొనసాగించే వెసులుబాటు ఉంది. లేని సమస్యకు పరిష్కారం వెతికి ఉన్న లాభం పోగొట్టుకున్నట్టు అవుతుంది. పైగా ఆర్‌సీ మార్పు ఖర్చులు, పాలసీ బదిలీకి 14 రోజుల గడువు అదనపు తలనొప్పులు.

ప్రతిపాదన పత్రం గురించి కూడా చెప్పాలి. చాలామంది ఏజెంట్లు దాన్ని తామే నింపేస్తారు, కొన్ని సందర్భాల్లో సంతకం కూడా తామే పెట్టేస్తారు. పాత నమూనా పత్రాల్లో డ్రైవరుకు గతంలో ప్రమాదానికి సంబంధించి శిక్ష పడిందా, విచారణ పెండింగ్‌లో ఉందా అనే ప్రశ్న ఉండేది, కొన్ని కంపెనీల పత్రాల్లో ఇప్పటికీ అలాంటి ప్రశ్న కనబడుతుంది. ఏ ప్రశ్న అడిగితే దానికి నిజమే రాయండి. కేసు సంగతి రాసినందుకు ప్రీమియం కొన్ని వందలు పెరిగినా, దాచినందుకు రేపు లక్షల క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం కంటే అది మేలు. బోనస్ విషయంలో అబద్ధం అసలు నిలవదు. కంపెనీల క్లెయిమ్ సమాచారమంతా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోలో చేరుతుంది, కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది. క్లెయిమ్ తీసుకుని కూడా తీసుకోలేదని రాసినవారి ఓన్ డ్యామేజ్ క్లెయిములు ఆ ఒక్క కారణంతో ఆగిపోవడం మా వృత్తిలో తరచుగా చూస్తాం.

సమయం విషయానికి వస్తే, పాలసీ ముగిసే తేదీకి రెండు మూడు వారాల ముందే కనీసం మూడు కొటేషన్లు తెప్పించుకోండి. ఈలోగా ఈ-చలానా వెబ్‌సైటులో మీ కారు నంబరు మీద పాత చలానాలు ఏవైనా మిగిలి ఉంటే కట్టేయండి. మద్యం కేసు కోర్టుకు వెళ్లింది కాబట్టి దాని రసీదు విడిగా ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ రోజు కారు బీమా లేకుండా ఉన్నట్టే. అప్పుడు రోడ్డెక్కితే 196వ సెక్షన్ కింద మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా, 3 నెలల వరకు జైలుకు అవకాశం ఉన్నాయి, పైగా కొత్త పాలసీకి కంపెనీ కారును తనిఖీ చేయమంటుంది. మీ పగిలిన బంపరును ఆ తనిఖీకి ముందే బాగు చేయించి ఉండాలి, లేదంటే దాన్ని పాత నష్టంగా నమోదు చేస్తారు. రెన్యువల్ వేళ 50 శాతం బోనస్ ఇవ్వడానికి మీ కంపెనీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. జవాబు సరిగా లేకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడా తేలకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌కు, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు. కొటేషన్లు వచ్చాక వాటిలోని అంకెలను ఇక్కడ రాస్తే ఏ వరుసలో ఎక్కువ వేశారో చూసి చెబుతాను.